హోంవర్క్‌లో కరిగిపోయే రెండు గంటలు: నాలుగో తరగతి పిల్లవాడి కేస్ స్టడీ

పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. సీబీఎస్‌ఈ బడిలో నాలుగో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెండో భాష కన్నడ, మూడో భాష హిందీ. కుటుంబానిది మదనపల్లె వైపు, ఇప్పుడు ఉంటున్నది బెంగళూరు కె.ఆర్.పురం దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో. తండ్రి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. తల్లి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, అయిదింటి దాకా కాల్స్ ఉంటాయి. నాయనమ్మ వాళ్ళతోనే ఉంటుంది. పిల్లవాడు ఆమెను అవ్వ అంటాడు. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఇలాంటి ఇళ్ళలో కనబడే వివరాలను కలిపి ఒకే కేసుగా రాశాం. అంకెలు కూడా ఆ కలిపిన కేసువే.

తల్లిదండ్రులు చెప్పిన సమస్య ఇది. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, పెన్సిల్ పట్టుకోమంటే ఏడుపు. రోజూ రెండు గంటలకు పైగా హోంవర్క్, చివరికి రాత్రి పదింటికి నిద్ర కళ్ళతో రాయడం, అయినా మర్నాడు డైరీలో ఎర్ర ఇంకుతో ‘ఇన్‌కంప్లీట్’. బద్ధకం అని తండ్రి నమ్మకం. తను దగ్గర కూర్చోలేకపోవడం వల్లే ఇలా అయ్యాడని తల్లి బాధ. ‘పసిబిడ్డకు ఇంత రాతేంది నాయనా’ అని అవ్వ. ముగ్గురిలో నిజానికి దగ్గరగా ఉన్నది అవ్వ మాటే. కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కే ఉండకూడదు. 3 నుంచి 5 తరగతులకు వారానికి 2 గంటలు మించకూడదు. 6 నుంచి 8 వరకు రోజుకు గంట, ఆపైన రోజుకు 2 గంటలు. అంటే నాలుగో తరగతి పిల్లవాడికి అయిదు రోజుల వారంలో రోజుకు 24 నిమిషాలు. ఈ పిల్లవాడు వారం కోటాను ఒక్క సాయంత్రంలో దాటేస్తున్నాడు.

ముందు గడియారం పెట్టి చూడటం

ఇలాంటి కేసులో సలహాలు మొదలుపెట్టే ముందు కనీసం అయిదు బడి రోజులు ఏమీ మార్చకుండా రాసిపెట్టమని చెబుతాం. తెల్లకాగితం మీద నాలుగు గళ్ళు: టైమ్, ఏ పని, పెన్సిల్ ఎందుకు ఆగింది, ఆ తర్వాత పెద్దవాళ్ళు ఏం చేశారు. పెన్సిల్ నిమిషం కన్నా ఎక్కువసేపు ఆగిన ప్రతిసారీ ఒక వరుస రాయాలి. ‘మూడ్ బాలేదు’, ‘మొండి చేశాడు’ లాంటి మాటలు రాయకూడదు. కంటికి కనబడినదే రాయాలి: ‘లేచి నీళ్ళు తాగాడు’, ‘మూడో లెక్క దగ్గర ఆగి కిటికీ వైపు చూశాడు’.

అయిదు రోజుల సగటు 128 నిమిషాలు. అందులో నిజంగా చదవడం, రాయడం 34 నిమిషాలే. మిగతాది ఇలా పోయింది: డైరీ వెతకడం, ఏ పేజీయో క్లాస్ వాట్సాప్ గ్రూపులో అడగడం, పెన్సిల్ చెక్కడం 22 నిమిషాలు. చెరపడం, మళ్ళీ రాయడం 19. తెలియక ఆగిపోయి ఊరికే కూర్చోవడం 27. వాదన, ఏడుపు, లేచి తిరగడం 26.

ఈ కాగితం చూశాక తండ్రి బద్ధకం అనే మాట వదిలేశాడు. బద్ధకమైన పిల్లవాడు 19 నిమిషాలు చెరిపి చెరిపి రాయడు. నాలుగో గడి ఇంకో విషయం బయటపెట్టింది. తెలియక ఆగిపోయినప్పుడు మొదటి రెండు మూడు నిమిషాలు ఎవరూ పట్టించుకోవడం లేదు. ఏడుపు మొదలవగానే అమ్మ గానీ అవ్వ గానీ వచ్చి పక్కన కూర్చుంటున్నారు. సాయం అడగడానికి పిల్లవాడికి తెలిసిన దారి ఏడుపు ఒక్కటే అయింది. అది నటన కాదు, మొండితనం అంతకన్నా కాదు. ఏ పని చేస్తే సాయం అందుతుందో పిల్లలు అదే నేర్చుకుంటారు.

రాదా, చేయడా

తర్వాత తేల్చాల్సింది ఇదే. కళ్ళు, చెవులు చూపించకుండా ఈ ప్రశ్నలోకి దిగకూడదు. కంటి పరీక్షలో దూరపు చూపుతో పాటు దగ్గరి చూపు కూడా చూడమని అడగాలి. బోర్డు బాగానే కనబడే పిల్లలకు పుస్తకం దగ్గర ఇబ్బంది ఉండొచ్చు. ఈ పిల్లవాడికి రెండూ మామూలుగానే ఉన్నాయి. నిద్ర తొమ్మిది గంటల లోపే ఉంది. ఈ వయసుకు అది తక్కువ.

ఇంట్లోనే చేయగల నాలుగు చిన్న పరీక్షలు చేయించాం.

ఒకటి, వాడి ఇంగ్లీషు పాఠంలోంచే వంద మాటల పేరా గట్టిగా చదివించి తప్పులు లెక్కపెట్టడం. తప్పులు అయిదు లోపు ఉంటే ఆ పాఠం తనంతట తాను చదువుకోగలడు. ఆరు నుంచి పది ఉంటే పక్కన ఒకరు ఉండాలి. పది దాటితే ఆ పాఠం వాడికి మించినది, ‘నువ్వే చదివి జవాబు రాయి’ అనడం అన్యాయం. వీడివి 14.

రెండు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) ప్రశ్నకు నోటితో జవాబు, ఆ వెంటనే అదే జవాబు రాత. ‘నీళ్ళు ఎలా వృథా అవుతాయి’ అన్న ప్రశ్నకు నోటితో అయిదు వాక్యాలు చెప్పాడు, ట్యాంకర్ పొంగి పోవడంతో సహా. కాగితం మీద ఒకటే వాక్యం పడింది, అదీ సగం. తెలియడం వేరే చోట ఉంది, రాయడం వేరే చోట చిక్కుకుంది.

మూడు, అయిదు నిమిషాలు చూసి రాయడం. పక్కనే పుస్తకం పెడితే 61 అక్షరాలు, గోడకు అంటించిన కాగితం చూసి రాస్తే 34. తల ఎత్తి దించిన ప్రతిసారీ చోటు తప్పుతోంది. బోర్డు మీది హోంవర్క్ డైరీలో సగమే ఎక్కడానికీ, సాయంత్రం 22 నిమిషాలు వెతుకులాటకూ మూలం ఇక్కడుంది. పెన్సిల్ నొక్కుడు వెనక పేజీలో కూడా గాడి పడేంత గట్టిగా ఉంది. పది నిమిషాలకు వేలు నొప్పి అంటాడు, నిజంగానే ఎర్రబడి ఉంటుంది.

నాలుగోది బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లల విషయంలో తప్పనిసరి అని మా అభిప్రాయం. అదే ఇబ్బంది ఇంకో భాషలోనూ ఉందా అని చూడటం. ఇంగ్లీషులో మాత్రమే తడబడితే అది ఆ భాష చెవిన పడక వచ్చిన లోటు కావచ్చు. కన్నడలోనూ అలాగే ఉంటే ఆలోచించాలి. అయితే కన్నడ అక్షరాల దగ్గర ఓపిక ఉండాలి. కన్నడ పిల్లల అక్షర జ్ఞానం మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు 26 అక్షరాల్లా ఇవి ఒకటి రెండేళ్ళలో పూర్తికావనీ, గుణింతాలు, ఒత్తులు నేర్వడం నాలుగో తరగతి దాకా సాగుతుందనీ తేలింది. కాబట్టి ఒక ఒత్తు తప్పగానే కంగారుపడక్కర్లేదు. వీడు మాత్రం కొమ్ములు, దీర్ఘాలు వదిలేయడం, చదివిన మాటనే పక్క వరుసలో గుర్తుపట్టకపోవడం కనిపించింది. రెండు లిపుల్లోనూ ఒకే రకం తడబాటు.

అందుకే చదువు సంబంధమైన వైకల్యం, అంటే ఎస్‌ఎల్‌డీ (స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ) ఉందేమో పరీక్ష చేయించమని పంపాం. ఈ పరీక్షను ఎనిమిదేళ్ళు వచ్చాక, మూడో తరగతి నుంచి చేస్తారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ రూపొందించిన ఎస్‌ఎల్‌డీ పరీక్షల సెట్టును నగరంలో చాలామంది వాడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎస్‌ఎల్‌డీ ఒకటి. సర్టిఫికెట్ చేతిలో ఉంటే పదో తరగతి సీబీఎస్‌ఈ పరీక్షలో మూడు గంటల పేపరుకు అదనంగా గంట, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు. చాలామంది తల్లిదండ్రులు ‘ముద్ర పడుతుంది’ అని వెనకాడతారు. ముద్ర ఎలాగూ పడే ఉంది, బద్ధకస్తుడు, మొద్దు అని. దాని బదులు సరైన పేరు ఉండటం పిల్లవాడికి మేలు.

అపాయింట్‌మెంట్, పరీక్షలు, రిపోర్టు అన్నీ అయ్యేసరికి వారాలు పడుతుంది. సాయంత్రాలు అంతవరకూ ఆగవు. కింది పద్ధతి రిపోర్టు రాకముందే మొదలైంది, రిపోర్టులో ఏం వచ్చినా ఇందులో మార్చాల్సింది కొంచెమే.

పని అయ్యేదాకా కాదు, గంట మోగేదాకా

మొత్తం ప్లానులో అన్నిటికన్నా బలమైన మార్పు ఇదే. హోంవర్క్ 41 నిమిషాలు, ఆ తర్వాత పుస్తకం మూయాలి, పని అయినా కాకపోయినా. ఎనిమిది నిమిషాల చొప్పున నాలుగు విడతలు, మధ్యలో మూడేసి నిమిషాల విరామాలు మూడు. తరగతికి పది నిమిషాల చొప్పున అని అమెరికా పరిశోధకుడు హారిస్ కూపర్ సమర్థించిన లెక్క కూడా నాలుగో తరగతికి నలభై నిమిషాలే.

మిగిలిపోయినదాని కింద తల్లి ఒక గీత గీసి ‘41 నిమిషాలు కూర్చున్నాడు, ఇక్కడిదాకా అయింది’ అని రాసి సంతకం పెడుతుంది. తండ్రికి ఇది మింగుడుపడలేదు. అలవాటైతే ఎప్పటికీ సగమే చేస్తాడని ఆయన భయం. అనుభవంలో జరిగేది దీనికి ఎదురుగా ఉంటుంది. చివర ఎక్కడుందో తెలియని పనిని పిల్లవాడు మొదలే పెట్టడు. అదే ఫలానా టైముకు ఆగిపోతుందని ఖాయమైతే మొదలుపెట్టడానికి పెద్ద బాధ ఉండదు. హోంవర్క్ పోరులో సగం ఆ మొదలుపెట్టడం దగ్గరే ఉంటుంది.

టైము కూడా మార్చాం. బస్సు దిగేది 3:50కి. పాత పద్ధతిలో కాసేపు టీవీ, కీబోర్డ్ క్లాసు, భోజనం, నాన్న వచ్చాక హోంవర్క్. కొత్త పద్ధతిలో దిగగానే కడుపుకు ఏదైనా: రాగి జావ, ఉగ్గాని, రెండు ఇడ్లీలు, ఏదైనా సరే, బిస్కెట్ ప్యాకెట్ తప్ప. 5:10 దాకా కింద ఆట. 5:15కి కూర్చోవడం. ఆటను హోంవర్క్ తర్వాతకు ఎరగా పెట్టకూడదు. ఏడు గంటలు బడిలో, బస్సులో కూర్చుని వచ్చిన ఒళ్ళు కదిలితేగానీ మళ్ళీ కూర్చోలేదు.

కూర్చునే చోటు డైనింగ్ టేబుల్. కాళ్ళు వేలాడుతున్నాయి కాబట్టి కింద పీట వేయించాం. కాళ్ళకు ఆనిక లేని పిల్లలు ఒళ్ళు నిలుపుకోవడానికే సగం బలం ఖర్చు చేస్తారు, దాన్నే మనం ‘కుదురు లేదు’ అంటాం. కుర్చీ మీద దిండు వేసి మోచేయి బల్ల ఎత్తుకు తెచ్చాం. పెన్సిల్ హెచ్‌బీ బదులు 2బీ, మూడు పలకలది: తక్కువ నొక్కినా నల్లగా పడుతుంది. రబ్బరు బల్ల మీద ఉండదు. తప్పు వస్తే ఒక్క అడ్డగీత, పక్కన సరైనది. రబ్బరు తీసేసిన మొదటి రోజు పిల్లవాడు బాగా గొడవ చేశాడు. తప్పు కనబడటం వాడికి భయం. తల్లి తన ఆఫీసు నోట్‌బుక్‌లో కొట్టివేతలు చూపించాక కొంత తగ్గాడు.

నాలుగు విడతల వరుస: మొదట రెండు నిమిషాల్లో అయిపోయే తేలికది (కన్నడ తేదీ, పేరు, బొమ్మకు రంగు), వెంటనే అదే విడతలో కష్టమైనది. రెండో విడత కష్టమైనదే, కొనసాగింపు. మూడోది మామూలుది. నాలుగోది నోటి పని: ఎక్కాలు, స్పెల్లింగ్, చదవడం. కష్టమైనదాన్ని చివరికి ఉంచితే అలసట, భయం కలిసి వస్తాయి. మరీ మొదటే పెడితే కూర్చోడు.

విరామంలో ఫోను, టీవీ వద్దు. మూడు నిమిషాలకు ఏ వీడియో పూర్తికాదు, మధ్యలో లాక్కోవడంతో కొత్త గొడవ. నీళ్ళు తాగడం, గోడకు బంతి కొట్టడం, అవ్వ దగ్గరకు వెళ్ళి రావడం చాలు.

ఆగిపోయినప్పుడు

తెలియక కూర్చున్న 27 నిమిషాలకు మందు ఒక ప్లాస్టిక్ గ్లాసు. పిల్లవాడి ఎడమ చేతి పక్కన బోర్లించి ఉంటుంది. ఎక్కడైనా ఆగిపోతే దాన్ని నిలబెట్టాలి, నోరు తెరవక్కర్లేదు. నిలబడిన గ్లాసు చూసి నిమిషంలోపు పెద్దవాళ్ళు రావాలి. ఏడ్చి సాయం తెచ్చుకునే దారి కన్నా ఇది త్వరగా పనిచేయాలి, లేకపోతే పాత దారికే పోతాడు.

వచ్చినవాళ్ళు ఏం చేయాలో కూడా వరుస ఉంది. ముందు పది సెకన్లు మాట్లాడకుండా కూర్చోవడం. ఇదే అందరికీ కష్టం, రెండో సెకనుకే నోరు తెరుస్తారు. తర్వాత ‘ప్రశ్న ఒకసారి పైకి చదువు కన్నా’. అప్పటికీ కదలకపోతే అలాంటిదే చేసిన లెక్క ఒకటి వేలితో చూపించడం. చివరగా మొదటి మెట్టు కలిసి చేసి లేచిపోవడం. జవాబు చెప్పకూడదు, పెన్సిల్ తీసుకోకూడదు.

ఇంట్లో బాగా వినబడే కొన్ని మాటలు రాసి ఫ్రిజ్‌కు అంటించాం, ఎదురుగా వాటి బదులు మాటలు. ‘ఎన్నిసార్లు చెప్పాల్రా’ బదులు ‘ఎక్కడిదాకా వచ్చావో చూపించు’. ‘నిన్న వచ్చింది కదా, ఈరోజేమైంది’ బదులు ‘నిన్నటి లెక్క తీద్దాం’. పొగడ్త కూడా అంతే. ‘వెరీగుడ్’ అంటే వాడికి ఏం బాగుందో తెలియదు. ‘సున్నా మర్చిపోకుండా పెట్టావు’ అంటే రేపు కూడా పెడతాడు.

ఒక లెక్క దగ్గరగా

618ని 6తో భాగించమంటే పిల్లవాడు 13 రాశాడు. తండ్రి దీన్ని అజాగ్రత్త అన్నాడు. వాడి చేత గట్టిగా చెప్పిస్తూ చేయిస్తే అసలు సంగతి తెలిసింది. ఆరులో ఆరు ఒకసారి, ఒకటి రాశాడు. పక్కన 1 దించాడు. ‘ఒకటిలో ఆరు పోదు’ అన్నాడు, అది సరే. పోదు కాబట్టి పైన ఏమీ రాయలేదు. 8 దించి 18 చేసి మూడు అన్నాడు, ఆ మూడును ఒకటి పక్కనే పెట్టాడు. ప్రతి అడుగూ సరైనదే, తప్పు ఒక్క చోట: ‘పోదు’ అన్నది కూడా ఒక జవాబే, దాని పేరు సున్నా అని వాడికి తెలియదు.

గళ్ళ నోట్‌బుక్ తెప్పించి 6, 1, 8 ఒక్కో గడిలో రాయించి, పైన సరిగ్గా మూడు ఖాళీ గళ్ళు గీయించాం, మీద వందలు, పదులు, ఒకట్లు అని. నియమం ఒకటే: కింద ఒక అంకె దిగితే పైన ఒక గడి నిండాలి. పదుల గడి ఖాళీగా ఉంటే కంటికే కనబడుతుంది. 103 వచ్చింది. సరిచూడటానికి 103ని ఆరుతో గుణించడం కన్నా ముందు ఒక అంచనా నేర్పాలి: ఆరు వందలను ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి వంద, అలాంటప్పుడు 13 ఎలా సరిపోతుంది?

లెక్కల హోంవర్క్ పది ఉంటే బేసి సంఖ్యలవి అయిదే. ఎక్కాల చార్టు బల్ల మీద ఉండొచ్చు. భాగహారం నేర్చుకునే రోజు ఎక్కాలు కూడా గుర్తుచేసుకోమంటే రెండూ రావు. ఎక్కాలకు నాలుగో విడత ఉంది. అక్కడ కూడా బట్టీకి లొంగని వాటిని తెలిసినవాటి నుంచి కట్టించాం: ఏడెనిమిదులు రాకపోతే అయిదెనిమిదులు 40, రెండెనిమిదులు 16, మొత్తం 56.

స్పెల్లింగ్, కన్నడ

శుక్రవారం డిక్టేషన్‌కు పది మాటలు, ఒక్కోటి పదిసార్లు రాసుకురమ్మని బడి పద్ధతి. ఈ పిల్లవాడికి దీనివల్ల వేలు నొప్పి తప్ప లాభం లేదు. మూడోసారి నుంచి చెయ్యి కదులుతుంది, బుర్ర కదలదు. చివరికి నిలువుగా ముందు అన్నీ మొదటి అక్షరం, తర్వాత అన్నీ రెండో అక్షరం రాసుకుంటూ పోతున్నాడు. బదులుగా: చూడు, గట్టిగా చెప్పు, మూసెయ్, రాయి, తెరిచి సరిచూడు. సోమవారం నాలుగు, మంగళవారం మూడు కొత్తవి, నిన్నటి నాలుగూ ఒకసారి, బుధవారం మిగతా మూడు, గురువారం పదీ ఒక్కసారి. ఒకే తోక ఉన్నవాటిని కలిపి ఇవ్వాలి: నైట్, లైట్, రైట్ మూడింటికీ చివర ఐ-జీ-హెచ్-టీ.

కన్నడ ఇంట్లో అందరికీ బెడద అయింది, తమకు రాదు కాబట్టి సాయం చేయలేమని. నిజానికి తెలుగు చదవగలిగిన పెద్దలకు కన్నడ లిపి చాలావరకు దారి ఇస్తుంది. తలకట్టు తీరు, కొన్ని అక్షరాలు తేడా, అంతే. తల్లి పది రోజులు బస్సుల బోర్డులు, షాపుల పేర్లు కూడబలుక్కుని చదివేసరికి పాఠం చదివి వినిపించగలిగింది. మాటల దగ్గర ఇంకో ఆధారం ఉంది. మన ‘ప’ చాలా అచ్చ కన్నడ మాటల్లో ‘హ’ అవుతుంది: పాలు హాలు, పులి హులి, పంది హంది, పువ్వు హూవు, పల్లె హళ్ళి. అవ్వ మాట చెబితే పిల్లవాడు కన్నడం చెప్పాలి, లిఫ్టులో, మెట్ల మీద. ఇది హోంవర్క్ లెక్కలోకి రాదు. సంస్కృతం నుంచి వచ్చిన వాటికి ఈ సూత్రం పనిచేయదని ముందే చెప్పాలి. పుస్తకం అక్కడ కూడా పుస్తకమే, ‘హుస్తక’ కాదు.

బడితో మాట

41 నిమిషాల హద్దు టీచరు ఒప్పుకోకుండా నిలవదు. మర్నాడు తరగతిలో నిలబెడితే ఇంట్లో చేసినదంతా పోతుంది. తల్లిదండ్రులు రాసిన ఉత్తరం ఒక్క పేజీ. మొదట అయిదు రోజుల అంకెలు, ఏ వ్యాఖ్యా లేకుండా. తర్వాత మూడే కోరికలు: లెక్కలు సగం, బోర్డు మీది హోంవర్క్‌ను ఫోటోగా గానీ ప్రింటుగా గానీ ఇవ్వడం, గీత గీసి సంతకం ఉన్న పనికి శిక్ష లేకపోవడం. ఆరు వారాలకు అని గడువు కూడా రాయించాం. ఎప్పటికీ అంటే ఏ టీచరైనా వెనకాడతారు, నలభై మంది పిల్లల తరగతి నడిపే మనిషికి అది న్యాయమైన భయమే. స్కూల్ బ్యాగ్ పాలసీ మాట ఉత్తరంలో ఎక్కించలేదు. మొదటి రోజే రూలు చూపిస్తే సాయం చేయాలనుకున్నవారు కూడా బిగుసుకుంటారు. మాట వినకపోతే ప్రిన్సిపాల్ దగ్గర చెప్పడానికి అది చేతిలో ఉంటుంది.

క్లాస్ టీచర్ మొదటి, మూడో కోరికలు వెంటనే ఒప్పుకున్నారు. ఫోటోకు బడి నిబంధన అడ్డు వచ్చింది. పక్క సీటు పిల్లవాడి డైరీతో సరిచూసుకుని టీచరు సంతకం పెట్టే ఏర్పాటు జరిగింది. 22 నిమిషాల వెతుకులాట దాదాపు పోయింది దీంతోనే.

ఎక్కడెక్కడ తప్పింది

మొదటి వారం బాగా నడిచింది. రెండో వారం మధ్యలో ఏడుపు ముందుకన్నా పెరిగింది. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. ఏడుపుకు రాని సాయం ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే వస్తుందేమోనని పిల్లవాడు చూస్తాడు. ఇక్కడే చాలామంది ‘పద్ధతి పనిచేయలేదు’ అని వదిలేస్తారు. ఆ మూడు నాలుగు రోజులు పక్కనే ఉండి, గ్లాసు చూపించి, ఏడుపు తగ్గాకే పని మాట ఎత్తాలి. కోప్పడకూడదు, ముద్దూ చేయకూడదు.

ఫోను టైమర్ వాడితే మెసేజీలు కనబడ్డాయి. వంటింటి టైమర్ తెస్తే టిక్కు టిక్కు శబ్దానికి హడావిడిపడి అక్షరాలు కలిపేశాడు. చివరికి అదే టైమర్‌ను పెద్దవాళ్ళ దగ్గర, తలుపు అవతల పెట్టారు. వాడికి గంట మాత్రమే వినబడుతుంది.

స్టార్ చార్టు, ఇరవై స్టార్లకు సైకిల్ అని తండ్రి పెట్టాడు. నాలుగో రోజుకు వాడికి ఆసక్తి పోయింది. రాయడమే కష్టంగా ఉన్న పిల్లవాడికి నెల తర్వాత వచ్చే బహుమతి కనబడదు. దాన్ని తీసేసి రోజూ పుస్తకం మూయగానే ఎవరితో ఏం ఆడాలో ఎంచుకునే హక్కు వాడికిచ్చారు. ఎక్కువ రోజులు నాన్నతో క్యారమ్స్ అన్నాడు. దాంతో నాన్న వారానికి రెండు రోజులు త్వరగా రావాల్సి వచ్చింది, వచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి నోట్‌బుక్ తెరిచి ‘ఈ ఒక్కటి సరిచెయ్’ అనే అలవాటు మాన్పించడం మాత్రం ఆలస్యమైంది. గంట మోగాక ఇంకో పని వస్తుందని తెలిస్తే గంటకు విలువ ఉండదు.

అవ్వ జాలిపడి రెండు మూడు సార్లు బొమ్మలు గీసిపెట్టింది, పెన్సిళ్ళు చెక్కిపెట్టింది. ఆమెను వద్దనడం కన్నా ఆమెకు సొంత పని ఇవ్వడం మేలు. నాలుగో విడత పూర్తిగా అవ్వది. తనకు ఇంగ్లీషు రాదు కాబట్టి పిల్లవాడు పాఠం చదివి తెలుగులో చెప్పాలి. ఎవరు తెలియనట్టు అడుగుతారో వారికి చెప్పడానికి పిల్లలు మాటలు వెతుక్కుంటారు, ఈమెకు నిజంగానే తెలియదు.

పదో వారం

అదే కాగితంతో మళ్ళీ అయిదు రోజులు రాశారు. సగటు 44 నిమిషాలు. రాయడం, చదవడం 26, విరామాలు 9, మొదలుపెట్టడానికి 3, తెలియక ఆగడం 3, చెరపడం బదులు కొట్టివేతలు 2, వాదన 1. ఏడుపు అయిదు రోజుల్లో ఒకసారి, అది జ్వరం వచ్చిన రోజు. నిద్ర దాదాపు గంట పెరిగింది.

మార్కులు పెద్దగా మారలేదు. లెక్కల్లో కొంచెం పెరిగాయి, ఇంగ్లీషు అలాగే ఉంది. పది వారాల హోంవర్క్ మార్పుతో చదవడం రాదు. రిపోర్టులో చదవడం, రాయడం రెండింటిలోనూ ఎస్‌ఎల్‌డీ అని వచ్చింది. స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు నేర్పే టీచరు) దగ్గర థెరపీ క్లాసులు వారానికి రెండు సార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఇంటి హోంవర్క్ రెండు విడతలే. ఈ తగ్గింపు చేయకుండా థెరపీని అదనంగా పేర్చడం చాలా ఇళ్ళలో జరుగుతుంది, పిల్లవాడు రెండింటినీ అసహ్యించుకుంటాడు.

పెద్దవాళ్ళు తప్పుకోవడం కూడా మెల్లగా మొదలైంది. ముందు పక్కన, తర్వాత ఎదురుగా, ఇప్పుడు తల్లి వంటింట్లో ఉండి గ్లాసు కనబడేలా తలుపు తెరిచి ఉంచుతుంది. ఒక్కో మెట్టు దిగడానికి ముందు వరుసగా అయిదు రోజులు గొడవ లేకుండా ఉండాలి. పరీక్షల వారంలో ఒక మెట్టు వెనక్కి రావచ్చు.

అయిదో తరగతిలో టీచర్లు మారతారు, ఇదంతా వాళ్ళకు తెలియదు. అందుకని మార్చిలోనే ఒక పేజీ తయారుచేసి పెట్టుకోవాలి: ఎంతసేపు కూర్చోగలడు, బోర్డు నుంచి ఎంత రాయగలడు, నోటితో జవాబు అడిగితే ఎలా చెబుతాడు, ఏ మూడు సర్దుబాట్లు ఇప్పటికే పనిచేశాయి. దానికి రిపోర్టు జిరాక్స్ జతచేసి, బడి తెరిచిన మొదటి వారంలో క్లాస్ టీచర్‌కు చేతికివ్వాలి. ఆఫీసులో ఇచ్చేస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది.